చెవిలో బడ్స్ పెట్టొచ్చా? ఒకే ఇంట్లో మూడు చెవులు

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్. మావారికి రోజూ స్నానం కాగానే రెండు చెవుల్లోనూ బడ్స్ పెట్టి తిప్పకపోతే తోచదు. పది రోజుల కిందట వంశధారలో మునిగి వచ్చాక కుడి చెవి దిబ్బడ వేసింది. నొప్పి లేదు, కారడం లేదు, మూసుకుపోయినట్టు ఉందంటారు. దురద మాత్రం ఎప్పుడూ ఉన్నదే. వాళ్ళ నాన్నను చూసి మా నాలుగేళ్ళ బాబు కూడా నిన్న ఒక బడ్ చెవిలో పెట్టుకున్నాడు. లాగి తీస్తే ఒక కొసన దూది లేదు. లోపల ఉండిపోయిందో, ఎక్కడైనా రాలిపోయిందో తెలియడం లేదు. బాబు ఏమీ అనడం లేదు. ఆవనూనెలో వెల్లుల్లి కాచి పోస్తే అదే తేలి వచ్చేస్తుందని మా అత్తగారు అంటున్నారు. ఆవిడకు అరవై దాటాయి, షుగర్ ఉంది, ఎడమ చెవి చాలా ఏళ్ళుగా అప్పుడప్పుడూ కారుతుంది. తలపిన్నుకు దూది చుట్టి తుడుచుకుంటారు, ఆ నూనే పోసుకుంటారు. అసలు బడ్స్ వాడొచ్చా, వాడకూడదా? సంతలో గులిమి తీసేవాళ్ళకు మావారి చెవి చూపించవచ్చా?
– ఒక ఇల్లాలు, కాశీనగర్

సమాధానం: అమ్మా, ముందు బాబు సంగతి. మిగతా ఇద్దరివీ నాలుగు రోజులు ఆగగలిగేవే.

దూది లోపలే ఉందన్న లెక్కలో ఉండండి. చిన్నపిల్లల చెవి గొట్టం ఇరుకుగా ఉంటుంది. దూది ముక్క అందులో ఇరుక్కుంటే మొదట నొప్పి ఉండదు, అందుకే వాడు ఏమీ అనడం లేదు. రెండు మూడు రోజుల్లో అది చెమ్మ పీల్చుకుని వాసన వేస్తుంది, చెవి కారడం మొదలవుతుంది. బాబును కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, చెవి డొప్పను మెల్లగా వెనక్కి లాగి చూడండి. దూది రంధ్రం అంచునే ఉండి, దాని కొస బయటికి వచ్చి ఉంటేనే, రెండు వేళ్ళతో పట్టుకుని తీయండి. కొస అందకపోతే అక్కడితో ఆగిపోవాలి. పిన్నీసు, పట్టకారు, ఇంకో బడ్, ఏదీ వద్దు. తీయబోయిన ప్రతిసారీ అది ఇంకాస్త లోపలికే పోతుంది. బయట ఉన్నప్పుడు నిమిషంలో వచ్చేది, గొట్టం సన్నబడే మధ్యభాగం దాటిందంటే, కొన్నిసార్లు మత్తు ఇచ్చి తీయాల్సి వస్తుంది.

నూనె పోయడం కూడా వద్దు. తేలి వస్తుందన్నది అత్తగారి నమ్మకం గానీ, దూది నూనె పీల్చుకుని గొట్టం గోడలకు అంటుకుపోతుంది. పైగా ఆ చెమ్మలో బూజు పడుతుంది. ఒకటి రెండు రోజుల్లోపు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. మీకు దగ్గర పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి. అక్కడ ఆ రోజు చెవి డాక్టరు లేరంటే బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో, శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికో, మీకు ఏది వీలైతే దానికి వెళ్ళొచ్చు. నుదుటి లైటు వెలుగులో మొసలి నోరులా తెరుచుకునే సన్నని పట్టకారుతో తీసేస్తారు. బాబు కదలకుండా ఉండటమే అక్కడ సగం పని. మీ ఒళ్ళో పక్కకు తిప్పి కూర్చోబెట్టుకోండి. మంచి చెవి మీ గుండెకు ఆనుకోవాలి. ఒక చేత్తో తలను అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో వాడి రెండు చేతులనూ ఒడిసి పట్టండి. కాళ్ళు మీ మోకాళ్ళ మధ్య ఉండాలి. మొదటి ప్రయత్నంలో వస్తే వచ్చినట్టే. ఒకసారి నొప్పి తెలిసిన పిల్లవాడు రెండోసారి తల ఇవ్వడు.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఇంకో నాలుగు మాటలు. పెసరగింజ, శనగగింజ లాంటివి చెవిలో పడితే నీళ్ళు పోయకూడదు. నీటికి ఉబ్బి బిగుసుకుపోతాయి. చీమో, చిన్న పురుగో దూరి లోపల గిజగిజలాడుతుంటే మాత్రం నూనె పనికొస్తుంది. ఆ చెవి పైకి ఉండేలా పడుకోబెట్టి గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగైదు చుక్కలు వేస్తే పురుగు చచ్చి ఊరుకుంటుంది, తర్వాత డాక్టరు తీస్తారు. అదీ ఎన్నడూ కారని చెవికే. బొమ్మల్లో, వాచీల్లో వేసే బిళ్ళ బ్యాటరీ చెవిలో పడితే మటుకు గంట కూడా ఆలస్యం వద్దు, చుక్కలేవీ వేయొద్దు. తడి తగిలితే దాని నుంచి కరెంటు పారి, కొన్ని గంటల్లోనే చర్మాన్నీ కర్ణభేరినీ కాల్చేస్తుంది.

ఇక మీవారి చెవి. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి.

పెద్దవాళ్ళ చెవి గొట్టం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, అంటే చూపుడువేలి మొదటి కణుపంత. అది తిన్నగా ఉండదు, కొద్దిగా వంకర తిరిగి ఉంటుంది. బయటి మూడోవంతు మెత్తని ఎముక మీద ఉంటుంది. వెంట్రుకలూ, గులిమి తయారుచేసే గ్రంథులూ ఉండేది అక్కడే. లోపలి రెండు వంతులు గట్టి ఎముక. దాని మీద చర్మం ఉల్లిపొరంత పల్చగా నేరుగా ఎముకనే అంటుకుని ఉంటుంది. కింద కొవ్వు లేదు, కండ లేదు. బడ్ అక్కడ గీసుకుంటే ప్రాణం విలవిల్లాడేది అందుకే. ఆ చివర కర్ణభేరి ఉంటుంది. దాని మందం 0.1 మిల్లీమీటర్, వెడల్పు 8 నుంచి 10 మిల్లీమీటర్లు.

లోపలి భాగంలో గులిమి తయారే కాదు. కర్ణభేరి పక్కన గులిమి ఉందంటే ఎవరో తోస్తేనే అక్కడికి చేరింది. ఆ తోసినది నూటికి తొంభైసార్లు పుల్లే అయ్యుంటుందని మా అభిప్రాయం.

చెవికి తనను తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది. ఒంటి మీద చర్మం ఎక్కడి పొర అక్కడే రాలిపోతుంది. చెవి గొట్టంలో మాత్రం కర్ణభేరి మధ్య నుంచి మొదలై బయటి వైపుకు మెల్లగా జరుగుతూ ఉంటుంది, రోజుకు సుమారు 0.1 మిల్లీమీటర్, అంటే గోరు పెరిగే వేగం. దానితోపాటు దుమ్మూ, పాత గులిమీ బయటికి వస్తాయి. నమిలినప్పుడు, మాట్లాడినప్పుడు దవడ కదిలి ఆ పనికి సాయపడుతుంది. స్నానమప్పుడు చెవి డొప్పలో కనిపించే పసుపు పొడి, చిన్న పొలుసులు అలా వచ్చినవే. గులిమి మురికి కాదమ్మా. అది నూనె, రాలిన చర్మం, గ్రంథుల స్రావం కలిసిన పూత. నీటిని లోపలికి ఇంకనివ్వదు, కొంచెం ఆమ్లగుణం ఉండటం వల్ల సూక్ష్మజీవులను, బూజును పెరగనివ్వదు.

బడ్ ఏం చేస్తుందో ఇప్పుడు చూడండి. దాని దూది తల సుమారు 5 మిల్లీమీటర్లు, చెవి గొట్టం సుమారు 7. పుల్ల లోపలికి పోయినప్పుడు అంచున ఉన్న కాస్త గులిమి దూదికి అంటుకుంటుంది. మనకు కనిపించేది అదే, దాన్ని చూసి శుభ్రమైందనుకుంటాం. మిగతాది దూది తలకు ముందు చేరి లోపలికి జరుగుతుంది. మర్నాడు ఇంకాస్త. నెలల తరబడి ఇలా జరిగితే లోపల గట్టి బిరడా తయారవుతుంది. సన్న సందు మిగిలినంత కాలం వినికిడి బాగానే ఉంటుంది. ఒకరోజు గెడ్డలోనో నదిలోనో మునిగితే నీరు పీల్చుకుని ఆ బిరడా ఉబ్బుతుంది, ఆ సందూ మూసుకుపోతుంది. ఒక్కసారిగా చెవిలో దూది కూరినట్టవుతుంది. మీవారికి జరిగింది చాలావరకు ఇదే అయ్యుండాలి. పాపం వంశధార తప్పేమీ లేదు.

దురద మాటకు వస్తే, అది బడ్ తెచ్చిపెట్టిన దురదే కావచ్చు. రోజూ తుడిస్తే నూనెపూత పోయి చర్మం ఎండిపోతుంది, ఎండిన చర్మం దురద పెడుతుంది, మళ్ళీ పుల్ల. చెవిలో పుల్ల తిప్పితే హాయిగా ఉండటం మాత్రం అబద్ధం కాదు. మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ అనే పెద్ద నరం కొమ్మ ఒకటి చెవి గొట్టంలోకి వస్తుంది. కొందరికి చెవి తాకగానే దగ్గు రావడానికి కారణం అదే. అందుకని అలవాటు మానడం బీడీ మానడమంత కాకపోయినా కష్టమే. దురద పుట్టినప్పుడు చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెను వేలితో లోపలికి నొక్కి గుండ్రంగా రుద్దమనండి. దురద తీరుతుంది, లోపలికి ఏమీ పోదు. పుల్ల మానేసిన రెండు మూడు వారాలకు చర్మం తేరుకుంటుంది. తలలో చుండ్రు ఉంటే చెవిలోనూ పొలుసులు రేగుతాయి, కాబట్టి దాన్నీ చూసుకోవాలి.

మూడు వారాలైనా దురద తగ్గకపోతే, దానికి తడి, వాసన తోడైతే, అద్దినప్పుడు నల్లని చుక్కలున్న తడికాగితం లాంటి పదార్థం కనిపిస్తే, అది బూజు. వానాకాలంలో మీ వైపు ఉక్కపోత, రోజూ చెరువు స్నానాలు, చెవిలో నూనె, మూడూ కలిసిన చోట ఇది సహజం. మందుల షాపులో అడిగితే తరచుగా యాంటీబయాటిక్, స్టిరాయిడ్ కలిసిన చుక్కలు ఇస్తారు. వాటితో రెండు రోజులు హాయిగా ఉండి తర్వాత బూజు రెట్టింపవుతుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపి బూజుకు చోటు ఖాళీ చేస్తుంది, స్టిరాయిడ్ ఒంటి ప్రతిఘటనను తగ్గిస్తుంది. బూజును ముందు యంత్రంతో పీల్చి తీయాలి, ఆ తర్వాత క్లోట్రిమజోల్ లాంటి చుక్కలు డాక్టరు చెప్పినన్నాళ్ళు వేయాలి. దురద పోగానే ఆపేస్తే మళ్ళీ వస్తుంది.

మీవారికి ఇంట్లో చేయదగింది ఇది. నొప్పి, జ్వరం, కారడం లేకపోతేనే, గతంలో ఎప్పుడూ చెవి కారలేదని, కర్ణభేరికి చిల్లు లేదని, ఆపరేషన్ కాలేదని తెలిస్తేనే. మందుల షాపులో దొరికే ఆలివ్ నూనె గానీ లిక్విడ్ పారఫిన్ గానీ తీసుకోండి. వంటింట్లో పోపు వేసే నూనె, గానుగ నుంచి తెచ్చిన మడ్డి ఉన్న నూనె పనికిరావు. సీసాను రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుంటే ఒంటి వేడికి వస్తుంది. స్టవ్ మీద పెట్టకండి. మరీ చల్లనిదైనా మరీ వేడిదైనా పోయగానే కళ్ళు గిర్రున తిరుగుతాయి. ఒంటి నిలకడను చూసే అర్ధవృత్తపు నాళాలు గొట్టం పక్కనే ఉంటాయి, ఉష్ణోగ్రత తేడా వాటికి వెంటనే తెలిసిపోతుంది.

ఎడమ పక్కకు తిరిగి పడుకోమనండి, కుడి చెవి పైకి. చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగితే వంకర గొట్టం తిన్నబడుతుంది. మూడు నాలుగు చుక్కలు గోడ వెంట జారేలా వేయండి. నడిమధ్యన వేస్తే గాలి బుడగ అడ్డుపడి నూనె లోపలికి దిగదు. వేశాక ముందున్న బుడిపెను నాలుగైదు సార్లు నొక్కి వదలండి, గాలి బయటికి వస్తుంది. పది నిమిషాలు అలాగే ఉండి, లేచి తల పక్కకు వంచి కారినదాన్ని గుడ్డతో తుడుచుకోవాలి. దూది కూరొద్దు, వేసిన నూనెంతా అది పీల్చేస్తుంది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, నాలుగైదు రోజులు. రెండోరోజు చెవి ఇంకా మూసుకున్నట్టు అనిపిస్తే కంగారు పడకండి, బిరడా నాని ఉబ్బుతోంది. మందుల షాపులో పారాడైక్లోరోబెంజీన్, టర్పెంటైన్ కలిసిన చుక్కలు కూడా ఇస్తారు. అవి పనిచేస్తాయి గానీ కొందరికి చురుక్కుమంటాయి. మంట పుడితే ఆపేయాలి.

ఐదు రోజులకూ తెరుచుకోకపోతే డాక్టరు దగ్గరికే. మెత్తబడిన గులిమిని అక్కడ ఒంటి వేడి ఉన్న నీటిని పిచికారీతో గొట్టం పై గోడకు తగిలేలా చిమ్మి బయటికి రప్పిస్తారు, లేదంటే పీల్చే యంత్రంతో తీస్తారు. నానబెట్టకుండా వెళితే గట్టి బిరడా నొప్పి పెడుతుంది, చాలాసార్లు చుక్కలిచ్చి వారం తర్వాత రమ్మంటారు. అందుకని ఇంట్లో ఆ ఐదు రోజులూ వృథా కావు. ఇంటర్నెట్‌లో దొరికే కెమెరా చెవిపుల్లలు, చెవిలో పెట్టి వెలిగించే కొవ్వొత్తులు చూసి మోసపోకండి. కొవ్వొత్తి ఏదీ లాగదు, కరిగిన మైనం చెవిలో పడి కాలినవాళ్ళున్నారు. కెమెరా పుల్లకు లోతు తెలియదు, బాబు పక్క నుంచి మోచేయి తగిలించాడంటే అంతే.

సంతలో గులిమి తీసేవాళ్ళు వద్దు. ఒకే ఇనుప చెంచా ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి పోతుంది. వాటిని మరిగించరు, కర్ణభేరి ఎక్కడుందో కనిపించే లైటూ ఉండదు. కిందటివాడి చెవిలోని బూజు, చీము మీవారికి అంటుకోవడానికి ఒక్క గీత చాలు.

బడ్స్ వాడొచ్చా అన్నారు. వాడొచ్చు, చెవికి బయట. 1923లో అమెరికాలో లియో గెర్‌స్టెన్‌జాంగ్ అనే ఆయన, తన భార్య పంటిపుల్లకు దూది చుట్టి పసిపాపను తుడవడం చూసి ఈ పుల్లలు తయారు చేయించాడంటారు. అది మొదలు చాలా కాలం ఇంటింటా చెవి గొట్టంలోకి దూర్చారు. 1970ల నుంచీ ఆ కంపెనీ డబ్బా మీదే చెవి గొట్టంలో పెట్టవద్దని రాసి అమ్ముతోంది. మన దగ్గర కూడా చాలా డబ్బాల మీద సన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది, చదివి చూడండి. అమెరికా చెవి డాక్టర్ల సంఘం 2017లో సవరించిన సూచనల్లోనూ దూదిపుల్లలు వద్దనే ఉంది. 1990 నుంచి 2010 వరకు అక్కడి అత్యవసర విభాగాలకు బడ్స్ దెబ్బలతో వచ్చిన పిల్లలు సుమారు 2 లక్షల 63 వేల మంది. ఎక్కువమందికి చెవి శుభ్రం చేసుకుంటుండగానే ఆ దెబ్బ తగిలింది.

బయట అంటే ఎంత బయట? అద్దంలో మీకు కనిపించే చోటి వరకు. చెవి డొప్ప ముడతలు, చెవి వెనక సందు, కమ్మ పెట్టుకునే తమ్మె చిల్లు చుట్టూ. ఇక్కడ బడ్ ఒక చుక్క నీటితో తడిపి తుడవడం మంచిదే, పసిపిల్లలకూ పనికొస్తుంది. పుల్లను దూదికి దగ్గరగా, ఒక సెంటీమీటరు దూరంలో పట్టుకోండి. అప్పుడు వేళ్ళే డొప్పకు తగిలి పుల్లను ఆపుతాయి. కొసను పట్టుకుంటే ఏడు సెంటీమీటర్ల పుల్ల ఎంత దూరమైనా పోగలదు. వాడే ముందు దూదిని రెండు వేళ్ళతో పట్టి మెలితిప్పి లాగి చూడండి, కదిలితే ఆ డబ్బా మొత్తం పారేయాల్సిందే. మీ బాబు విషయంలో జరిగింది ఈ వదులు దూది వల్లే. ప్లాస్టిక్ పుల్లల బడ్స్‌ను దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు కాబట్టి కాగితపు పుల్లవో వెదురువో కొనండి. కాగితం పుల్ల తడిస్తే మెత్తబడి విరుగుతుంది, ఒకసారి వాడి పారేయండి. డబ్బా అటక మీదకు ఎక్కించండి. పిల్లలకు కళ్ళెదుట కనిపించేదే ఆట.

స్నానం తర్వాత చెవిలో నీరు ఉండిపోతే తల ఒక పక్కకు వంచి, డొప్పను అన్ని దిక్కులకూ మెల్లగా లాగితే గొట్టం కదిలి నీరు జారిపోతుంది. తువ్వాలు కొసను చూపుడువేలికి చుట్టి, వేలు ఎంత దూరం పోతుందో అంతవరకే అద్దండి. వేలు లావు కాబట్టి హద్దు దాటదు. హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో అడుగు దూరం నుంచి అర నిమిషం. చెవిలో ఇంతకు మించి రోజువారీ పనేదీ లేదు.

పుల్ల లోపలికి గుచ్చుకున్నప్పుడు ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. తటాలున నొప్పి, రెండు చుక్కల రక్తం, వినికిడి తగ్గడం, ఈలమోత: కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. చుక్కలు వేయొద్దు, నీళ్ళు పోయొద్దు, గట్టిగా ముక్కు చీదొద్దు. శుభ్రమైన దూదిని బయట ఆన్చి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పొడిగా ఉంచితే చిన్న చిల్లులు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాటంతటవే పూడతాయి. కళ్ళు తిరిగి వాంతులవుతున్నా, ముఖం ఒక పక్కకు లాగినా ఆ రోజే వెళ్ళాలి. కర్ణభేరి వెనకే, శబ్దాన్ని లోపలి చెవికి చేరవేసే 3 మిల్లీమీటర్ల అంకవన్నె ఎముక ఉంటుంది. అది లోపలి చెవిలోకి నొక్కుకుపోతే వినికిడి శాశ్వతంగా పోవచ్చు. ఇంకో సంగతి: దెబ్బా దురదా ఏమీ లేకుండా ఒక చెవి రాత్రికి రాత్రే వినపడకుండా పోతే గులిమి అనుకుని నూనె పోస్తూ కూర్చోకండి. అది నరానికి వచ్చిన జబ్బు కావచ్చు. దాని మందు మొదటి రెండు వారాల్లో, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

అత్తగారి చెవి ఈ మూడింటిలోనూ ఎక్కువ ఆలోచించాల్సినది. ఏళ్ళ తరబడి అప్పుడప్పుడూ కారుతోందంటే కర్ణభేరికి చిల్లు ఉన్నట్టే అనుకోవాలి. అలాంటి చెవిలో పోసింది గొట్టంలో ఆగదు, చిల్లు దాటి మధ్య చెవిలోకి దిగుతుంది. మీ వైపు ఒడియా ఇళ్ళల్లో ఆవనూనె వాడకం ఎక్కువ, పక్కింటి చిట్కా మన ఇళ్ళల్లోకీ వచ్చేసింది. ఆవనూనెకు ఘాటు ఇచ్చే పదార్థం ఒంటి మీద చర్మాన్నే మండిస్తుంది. దానికి వెల్లుల్లి రసమూ వేడీ తోడైతే లోపలి సున్నితమైన పొర పుండవుతుంది. నొప్పి తగ్గినట్టు అనిపించేది వెచ్చదనం వల్ల. ఆ వెచ్చదనం కావాలంటే గోరువెచ్చని గుడ్డతో చెవి బయట కాపడం పెట్టండి. "మీరు చేసేది తప్పు" అంటే ఆవిడ వినకపోవచ్చు. "నూనె మానకండి అత్తయ్యా, ఒంటికి రాసుకోండి, చెవిలో మటుకు డాక్టరు చూసేదాకా వద్దు" అంటే వింటారేమో.

తలపిన్ను ఈరోజే తీసేయండి. దాని బదులు డాక్టర్లు చెప్పే పద్ధతి ఉంది. ఉతికి ఎండబెట్టిన మెత్తని నూలుగుడ్డ ముక్కను గానీ, తడిసినా చిరగని మెత్తటి టిష్యూ కాగితాన్ని గానీ సన్నగా మెలితిప్పి వత్తిలా చేయండి. పుల్ల ఉండకూడదు. డొప్పను వెనక్కి లాగి, వత్తిని రంధ్రంలో మెల్లగా ఆన్చి, తడిసే వరకు ఉంచి తీసేయండి. తడిసిన వత్తి పారేసి కొత్తది పెట్టండి. పొడివత్తి పొడిగానే వచ్చేదాకా. రోజుకు కనీసం మూడుసార్లు. చేతులు ముందూ వెనకా సబ్బుతో కడగాలి. తలస్నానం చేసేటప్పుడు దూది ఉండకు ఒక వైపు వాసలీను పట్టించి, ఆ వైపు బయటికి ఉండేలా డొప్ప గుంటలో పెడితే నీరు పోదు. చెరువులో, నదిలో మునగడం వద్దు.

షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు వేయకండి. జెంటమైసిన్, నియోమైసిన్ ఉన్నవి చిల్లున్న చెవిలో పడితే లోపలి చెవి నరాన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది. చిల్లుకు సరిపడేవి వేరే ఉన్నాయి, అవి చూసి రాయాలి. కారేది కుళ్ళు వాసన వేస్తుంటే ఇంకా ముఖ్యం. కర్ణభేరి వెనక చర్మం తిత్తిలా పెరిగి చుట్టూ ఎముకను తినేసే జబ్బు ఒకటుంది, దానికి ఆపరేషన్ తప్ప చుక్కలు పనిచేయవు. షుగర్ ఉన్నవాళ్ళకు మరో భయం: చెవిలో చిన్న గీత నుంచి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పుర్రె ఎముకలోకి పాకుతుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని లోతైన చెవినొప్పి, నమిలితే ఎక్కువయ్యే నొప్పి, నోరు ఒక పక్కకు జారడం దీని గుర్తులు. వీటిలో ఒక్కటి కనిపించినా మర్నాటికి వాయిదా వేయకండి.

బాబును తీసుకెళ్ళే రోజే ఆవిడనూ వెంటబెట్టుకెళ్ళండి. కిందటి మూడు నెలల షుగర్ పరీక్ష కాగితం, ఇప్పటిదాకా చెవిలో వేసిన చుక్కల సీసాలన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకోండి. ఆపరేషన్ మాట వస్తే ఆంధ్రా వైపు ప్రభుత్వ ఉచిత వైద్య పథకం మీకు వర్తించదు కాబట్టి ఒడిశా ఆరోగ్య కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. వెళ్ళే రోజు ఉదయం ఇద్దరి చెవుల్లోనూ ఏమీ వేయకండి, నూనె నిండి ఉంటే డాక్టరుకు కర్ణభేరి కనిపించదు.